కడప జిల్లా పట్టణాల్లో టాక్సీ, ఆటో పర్మిట్ల నియంత్రణ

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాల్లో టాక్సీలు, ఆటోలు ఎన్ని తిరగాలో నిర్ణయించే అధికారం మున్సిపాలిటీలకు లేదు. కిరాయి వాహనాలకు పర్మిట్ ఇచ్చేది రవాణా శాఖ. ఈ మూడు పట్టణాల్లో వాటి సంఖ్యకు హద్దు పెట్టే వీలు ఆ శాఖకు కూడా లేదు. మోటారు వాహనాల చట్టం, 1988 ఆ వీలును అయిదు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాలకే పరిమితం చేసింది. మున్సిపాలిటీ పాత్ర ప్రధానంగా వాహనాలు నిలిచే చోటుకు సంబంధించినది.

నేపథ్యం

రాజ్యాంగం ఏడో షెడ్యూలు వాహనాలను రెండుగా విడదీసింది. జట్కా, ఎద్దుల బండి, సైకిల్ రిక్షా వంటి యంత్రం లేని వాహనాలు రాష్ట్ర జాబితాలోని 13వ అంశం కిందికి వస్తాయి. మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలో 35వ అంశం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా కడప జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. అక్కడి 1920 నాటి జిల్లా మున్సిపాలిటీల చట్టం కింద పురపాలక సంఘాలు బండ్ల మీద పన్ను వేసేవి. మోటారు బండ్లు వచ్చాక వాటి నియంత్రణ స్థానిక సంస్థల పరిధి దాటి రవాణా అధికారుల చేతికి వెళ్లింది.

1939 నాటి మోటారు వాహనాల చట్టం పర్మిట్లను పొదుపుగా ఇచ్చే పద్ధతిని తెచ్చింది. మరో వాహనం ప్రజలకు అవసరమా కాదా అన్నది అధికారులు చూసేవారు. 1989 జులై 1న అమల్లోకి వచ్చిన 1988 చట్టం ఈ ధోరణిని మార్చింది. అడిగినవారికి పర్మిట్‌ను సాధారణంగా నిరాకరించరాదని 80వ సెక్షన్ చెబుతోంది. మిథిలేశ్ గర్గ్ కేసులో 1991లో సుప్రీంకోర్టు ఈ సరళీకరణను సమర్థించింది.

పర్మిట్ విధానం

డ్రైవరు కాక ఆరుగురి వరకు ఎక్కే కిరాయి వాహనాన్ని చట్టం మోటార్ క్యాబ్ అంటుంది. ఏడుగురి నుంచి పన్నెండుగురి వరకైతే అది మ్యాక్సీ క్యాబ్. రెండూ కాంట్రాక్టు క్యారేజీలే. అంటే బండిని సాధారణంగా మొత్తంగా మాట్లాడుకోవాలి. దారి పొడవునా ఆపుతూ, వేర్వేరు ప్రయాణికులను ఎక్కించుకుంటూ దించుతూ వెళ్లకూడదు. దారిలో ఎక్కించుకుంటూ దించుతూ తిరిగే షేర్ ఆటో ఇక్కడే చట్టంతో చిక్కులో పడుతుంది. దారిలో చేయెత్తిన వారిని ఎక్కించుకోవడం స్టేజి క్యారేజీలకు, అంటే రూటు బస్సుల వంటివాటికి ఉన్న హక్కు.

66వ సెక్షన్ ప్రకారం పర్మిట్ లేకుండా బండిని కిరాయికి తిప్పరాదు. దీని కింద సొంత బోర్డు కారును కిరాయికి పంపడమూ నేరమే. పసుపు బోర్డు బండికి పర్మిట్‌తో పాటు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ), బీమా, పన్ను, డ్రైవరుకు లైసెన్సు కావాలి. పర్మిట్ గడువు అయిదేళ్లు. జిల్లా బండ్లకు గతంలో ఏపీ 04 నంబర్లు వచ్చేవి. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 ఒకే కోడుగా మొదలైంది కాబట్టి కొత్త బండి ఏ జిల్లాదో బోర్డు చూసి చెప్పలేం.

సంఖ్యపై పరిమితి

కాంట్రాక్టు క్యారేజీల సంఖ్యను పరిమితం చేయడానికి 74(3) సెక్షన్ ఒక దారి చూపింది. కేంద్ర ప్రభుత్వం ఆదేశిస్తే రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వాలి. అదీ అయిదు లక్షలకు తగ్గని జనాభా ఉన్న పట్టణాల్లోని నగర రూట్లకే. 2011 లెక్కల ప్రకారం ప్రొద్దుటూరు జనాభా సుమారు 1.63 లక్షలు, పులివెందులది 66 వేలు, జమ్మలమడుగుది 46 వేలు. జిల్లా కేంద్రమైన కడపే సుమారు 3.4 లక్షల దగ్గర ఉంది.

బ్యాటరీతో నడిచే రవాణా వాహనాలకు 2018 అక్టోబరులో కేంద్రం పర్మిట్ నుంచే మినహాయింపు ఇచ్చింది. రిజిస్ట్రేషన్, బీమా వంటివి మాత్రం వాటికీ తప్పవు. ఎలక్ట్రిక్ ఆటోల విషయంలో పర్మిట్ ద్వారా సంఖ్యను అదుపు చేసే మార్గం దీంతో మూసుకుపోయింది.

మున్సిపాలిటీ పాత్ర

74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులోని 17వ అంశం వీధి దీపాలతో పాటు పార్కింగ్ స్థలాలను, బస్ స్టాపులను పురపాలక విధుల్లో చేర్చింది. వాహనాలు ఎక్కడ నిలవాలో రాష్ట్ర ప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చిన సంస్థ, స్థానిక సంస్థను సంప్రదించి నిర్ణయించవచ్చని మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్ చెబుతోంది. ప్రజల భద్రత కోసం ఒక వీధిలో వాహనాలను నిషేధించే అధికారాన్ని 115వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి, అది నియమించిన అధికారికి ఇచ్చింది.

మూడు పట్టణాల అవసరాలు ఒకటి కావు. ప్రొద్దుటూరు బంగారం, బట్టల వ్యాపారానికి పేరు పొందింది. చుట్టుపక్కల ఊళ్ల జనం కొనుగోళ్లకు ఇక్కడికే వస్తారు. బజారు వీధుల్లో ఆటో నిలిచే చోటు అక్కడి ప్రధాన సమస్య. జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో గండికోట ఉంది. పర్యాటకులకు బండి మాట్లాడుకునే స్టాండు, కనిపించే కిరాయి పట్టిక అక్కడ మేలు చేస్తాయి. ఎర్రగుంట్ల–నంద్యాల రైలు మార్గం 2016లో మొదలై ప్రొద్దుటూరు, జమ్మలమడుగులకు రైలు వచ్చింది. స్టేషను దగ్గర స్టాండు అవసరమూ దానితోనే వచ్చింది. పులివెందులకు రైలు లేదు. అరటి, చీనీ తోటలకు కూలీలను చేరవేసే ఆటోల్లో పరిమితికి మించి ఎక్కించడం అక్కడ ప్రాణాల మీదికి తెచ్చే విషయం. దాన్ని ఆపే బాధ్యత రవాణా శాఖది, పోలీసులది.

ఇతర ప్రాంతాల్లో

ఇంగ్లండులో 1847 నాటి చట్టం టాక్సీల సంఖ్యను స్థానిక కౌన్సిళ్లకే వదిలింది. తీరని గిరాకీ చెప్పుకోదగినంత లేదని తేలితేనే సంఖ్య పేరుతో లైసెన్సు నిరాకరించవచ్చని 1985 చట్టం షరతు పెట్టింది. న్యూయార్కు 1937లో మెడాలియన్ల (టాక్సీ లైసెన్సుల) సంఖ్యను కట్టడి చేసింది. తర్వాతి దశాబ్దాల్లో ఒక్కో మెడాలియన్ ధర పది లక్షల డాలర్లు దాటింది. ఢిల్లీలో ఆటోల సంఖ్యను 1997లో సుప్రీంకోర్టు నిలిపివేసి, 2011లో లక్షకు పెంచడానికి అనుమతించింది.

జీవనోపాధి

పరిమితి లేకపోవడం వల్ల అప్పు చేసి ఆటో కొన్న యువకుడికి పర్మిట్ అడ్డు కాదు, కానీ స్టాండులో బండ్లు పెరిగేకొద్దీ ఒక్కొక్కరి వంతుకు వచ్చే కిరాయిలు తగ్గుతాయి. సొంత ఆటో, టాక్సీ, మ్యాక్సీ క్యాబ్ నడుపుకునేవారికి ఏటా రూ. 10,000 ఇచ్చే వైఎస్సార్ వాహనమిత్ర పథకం 2019 అక్టోబరులో మొదలైంది. 2025 ఆగస్టు 15న ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక, అదే ఏడాది అక్టోబరులో ప్రభుత్వం డ్రైవర్లకు రూ. 15,000 సాయం ప్రకటించి అందించింది. సంఖ్యను తగ్గించలేని ఈ పట్టణాల్లో డ్రైవరుకు, ప్రయాణికుడికి మున్సిపాలిటీ సొంతంగా చేయగల మేలు గుర్తించిన స్టాండులో నీడ, తాగునీరు, రాత్రివేళ వెలుతురు. వాటికి ఎవరి నోటిఫికేషనూ అక్కర్లేదు. కౌన్సిల్ తీర్మానం, బడ్జెట్‌లో కొంత సొమ్ము చాలు.