స్పర్శ ఎలా తెలుస్తుంది? – ఒక చిన్న చరిత్ర

పెన్షన్ సంగతులు రాసే మిత్రులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. కనుక ప్రత్యేక సంచికకు నేను వేరే విషయం ఎంచుకున్నాను.

రెండేళ్ల క్రితం నా శ్రీమతికి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ క్రమంగా స్వాధీనంలోకి వచ్చాయి. కాని కళ్లు మూసుకోమని కుడిచేతిలో బీరువా తాళంచెవి పెడితే "ఏదో చల్లగా తగిలింది" అంటుందే గాని అదేమిటో చెప్పలేకపోయేది. ఎడమచేతిలో పెడితే ఇట్టే చెప్పేది. తగిలినట్టు తెలిసి, తగిలిందేమిటో తెలియకపోవడమేమిటి? ఈ సందేహమే నాచేత పుస్తకాలు పట్టించింది.

కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే శస్త్రవైద్యుడుండేవాడు. మూర్ఛరోగులకు ఆపరేషన్ చేసేటప్పుడు, వారు స్పృహలో ఉండగానే మెదడుపై సన్నని విద్యుత్ తీగ ఆనించేవాడు. మెదడుకు నొప్పి తెలియదు. ఒకచోట ఆనిస్తే రోగి బొటనవేలు జివ్వుమందనేవాడు, మరొకచోట ఆనిస్తే పెదవి అనేవాడు. అలా తేలిన పటాన్ని 1937లో బోల్డ్రీతో కలిసి ప్రచురించాడు. అందులో చేతికీ పెదవులకూ ఎకరాలకు ఎకరాలు, వీపంతటికీ కలిపి ఓ సెంటు భూమి!

అయితే ఏ సర్వే నంబరు ఎవరిదో పటం చెబుతుంది గాని, వాళ్లంతా కలిసి ఎలా పనిచేస్తారో చెప్పదు కదా.

ఆ దారి తెరిచినవాడు జర్మనీలోని యేనా నగరపు వైద్యుడు హాన్స్ బెర్గర్. 1924లో మనిషి తలపైనుంచే మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసి, 1929లో ప్రకటించాడు. చాలామంది నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ సరిచూశాకే గౌరవం దక్కింది. వేలాది కణాలు ఒకే లయలో కదిలితే తప్ప ఆ తరంగాలు పైకి కనిపించవు.

నా సందేహానికి దగ్గరగా వచ్చింది 1992 నాటి పరిశోధన. అమెరికాలోని సియాటిల్‌లో వెంకటేశ్ మూర్తి, ఎబర్‌హార్డ్ ఫెట్జ్ కోతుల మెదడును పరిశీలించారు. కంటికి కనబడని చోట ఎండుద్రాక్ష పెడితే కోతి వేళ్లతో తడిమి తీసుకోవాలి. ఆ సమయంలో తరచుగా, చేతిని కదిపే ప్రాంతమూ స్పర్శను గ్రహించే ప్రాంతమూ సెకనుకు 25 నుంచి 35 సార్లు ఒకే తాళంలో స్పందించాయట. మణికట్టును ఊరికే ఆడిస్తున్నప్పుడు ఇది తక్కువ.

నెలనెలా ట్రెజరీ లెక్కలతో మన ఆఫీసు లెక్కలు సరిపోల్చిన వాడిని కనుక నాకిది వెంటనే మనసుకు పట్టింది. అయితే ఈ లయ వల్లనే వస్తువు తెలుస్తుందా, లేక తెలిసే పనికి అది తోడుగా వస్తుందా అన్నదానిపై శాస్త్రజ్ఞులలో వాదం ఇంకా తెగలేదు.

మా ఇంట్లో రోజూ ఉదయం పళ్లెంలో బియ్యం పోసి, అందులో చింతగింజో తాళంచెవో దాచిపెడతాను. ఆవిడ కళ్లు మూసుకుని కుడిచేత్తో వెతుకుతుంది. ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పిన పద్ధతి ఇది. పోయినవారం ఒక బిళ్ళ పైకి తీసి "ఐదు రూపాయలది" అంది. నేను దాచింది రెండు రూపాయలది. బిళ్ళ అని మాత్రం తెలిసింది.