గోటి కింద గీసిన గీత

మంగలిషాపులో వెలుతురు ఎంత ఉండాలి, కుర్చీకీ కుర్చీకీ ఎంత ఎడం ఉండాలి, కుక్కను లోపలికి రానివ్వొచ్చా? న్యూజిలాండ్‌లో ఇలాంటివన్నీ 1980 నాటి ఆరోగ్య నిబంధనల్లో రాసిపెట్టి ఉండేవి. దేశమంతటికీ ఒకటే రూలు. అదే వీధిలో, వేడినీళ్ల తొట్టిలో కాళ్లు పెట్టించి గోళ్లు తీసే పెడిక్యూర్ షాపుకు మాత్రం అలాంటి జాతీయ నిబంధన లేదు. ఏ ఊరి కౌన్సిల్ బైలా ఆ ఊరిదే. గెడ్డం గీస్తుంటే తెగిన గాటు నాలుగు రోజుల్లో మానుతుంది. షుగరున్న మనిషి కాలివేలికి తగిలిన గాటు అలా వదలదు. ఏది ప్రమాదమో ప్రభుత్వాలు తిరగేసి చూశాయేమో అనిపిస్తుంది. క్షవరశాలల నిబంధనలు మరీ చాదస్తంగా ఉన్నాయని 2025లో వాటిని ఎత్తేయాలని సర్కారు నిర్ణయించింది.

గోళ్ల పనికి చట్టం వేరే దారిలో వచ్చింది. మన ఊళ్లలో గోళ్లు తీయడం, ఆనెకాయలు చెక్కడం మంగలి చేతి పనే. ఇంగ్లండులో ఆనెకాయలు తీసేవాళ్లు సంతల్లో తిరిగేవారు. వాళ్లలో చదువుకున్నవారు కైరోపొడిస్టులుగా పేరు మార్చుకుని, 1912లో లండన్‌లో సంఘం కట్టారు. మరుసటి ఏడాదే పేదలకు పాదాల వైద్యశాల తెరిచారు. ఆ వృత్తే న్యూజిలాండ్‌కూ చేరింది. 1966లో వైద్య సహాయక వృత్తుల చట్టం వచ్చాక కైరోపొడిస్టులకు రిజిస్ట్రేషన్, దాన్ని చూసే బోర్డు ఏర్పడ్డాయి. వెల్లింగ్టన్ దగ్గర అప్పర్ హట్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో శిక్షణ నడిచింది. తర్వాత ఆ చదువు ఆక్లాండ్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీకి మారింది. కైరోపొడిస్టుల్ని ఇప్పుడు పొడియాట్రిస్టులంటున్నారు. దేశం మొత్తానికి పొడియాట్రీ డిగ్రీ ఇచ్చేది ఆ ఒక్క చోటే.

అసలు మలుపు 2003లో వచ్చిన ఆరోగ్య వృత్తుల సామర్థ్య చట్టం. అది 2004 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. బోర్డులో నమోదు కానివాళ్లు పొడియాట్రిస్టులమని చెప్పుకోవడం ఆ చట్టం కింద నేరం. 2005లో వచ్చిన ఉత్తర్వు ఇంకో మెట్టు దిగింది. చర్మం పైపొరకు కింద కోత పెట్టే పని రిజిస్టరైన ఆరోగ్య వృత్తుల వాళ్లే చేయాలంది. గోరు కత్తిరించడాన్ని ఎవరికీ నిషేధించలేదు. గోరు లోపలికి దిగి, చుట్టూ మాంసం వాచి, దాన్ని తవ్వి తీయాల్సి వస్తే మాత్రం అది వైద్యం. చట్టం గీత గీసింది గోటి మీద కాదు, గోటి కింద. ఇంతకన్నా తెలివైన గీత నాకు కనబడలేదు. చిక్కల్లా ఒక్కటే, ఆ గీత ఎక్కడుందో చేతిలో కత్తెర ఉన్న మనిషికి తెలియాలి.

స్పర్శ పోయిన పాదానికి చిన్న గాటే ముప్పన్న తెలివి ఎలా వచ్చిందో చెప్పాలంటే వెల్లూరు పోవాలి. తమిళనాడు కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు 1914లో పుట్టిన పాల్ బ్రాండ్, వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కుష్ఠు రోగులకు చికిత్స చేస్తూ ఒక సంగతి పట్టుకున్నాడు. వేళ్లు కుష్ఠుతో రాలిపోవడం లేదు. నొప్పి తెలియక, దెబ్బ మీద దెబ్బ తగిలి అరిగిపోతున్నాయి. స్పర్శ పోయిన కాలికి గోరుచుట్టు మీద రోకటిపోటు పడినా ఉలుకుండదు. ఆయన తర్వాత అమెరికా వెళ్లి కార్విల్ ఆసుపత్రిలో పనిచేశాడు. షుగరు రోగుల పాదాలకూ ఇదే సూత్రమని అక్కడి నుంచి లోకానికి తెలిసింది.

నేడు పొడియాట్రిస్టు చేతిలో కనిపించే సన్నని నైలాన్ పోగు ఆ ఆలోచనకు చెల్లెలే. అరికాలి మీద పోగును నిలువుగా ఆనించి నొక్కుతారు. పది గ్రాముల బరువుకు అది వంగుతుంది. కళ్లు మూసుకున్న మనిషి తగిలినప్పుడల్లా చెప్పాలి. వంగినా నోరు మెదపకపోతే, ఆ కాలికి ముల్లు దిగినా తెలియదన్నమాట. మావోరీలలో, పసిఫిక్ దీవుల వాళ్లలో షుగరు ఎక్కువ. మనవాళ్లూ తక్కువేం తినలేదు. అందుకే ఆక్లాండులో ఈ పోగుకు పని ఎక్కువ.

పరికరాల శుభ్రతకు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లు కలిసి ప్రమాణాలు రాసుకున్నాయి. చిన్న క్లినిక్కుల కోసం రాసినది 4815 నంబరుది. ఆస్ట్రేలియాలో దాని స్థానంలో 2023లో 5369 వచ్చింది. తుడిచి, కడిగి, పొట్లంలో కట్టి, ఆటోక్లేవులో 134 డిగ్రీల ఆవిరిలో మూడు నిమిషాలు నిలపాలి. పొట్లం మీద రంగు మారే గుర్తు ఉంటుంది. అయితే రంగు మారింది కదా అని కడగకుండా పెట్టిన కత్తెరను నమ్మకూడదు. మురికి అంటుకున్న చోటికి ఆవిరి చొరదు.

ఈ జాగ్రత్త ఎందుకో కాలిఫోర్నియా వాట్సన్‌విల్‌లోని ఒక షాపు చూపించింది. 2000లో అక్కడ పెడిక్యూర్ చేయించుకున్న వందమందికి పైగా జనం పిక్కల మీద నెలల తరబడి మానని కురుపులు లేచాయి. కారణం నీళ్లు చిమ్మే తొట్టి. నీళ్లు లాగే జల్లెడ వెనక వెంట్రుకలు, చర్మపు పొట్టు పేరుకుపోయాయి. ఎవరూ విప్పి చూడలేదు. అందులో క్షయ క్రిమికి బంధువైన బ్యాక్టీరియా పెరిగింది. పెడిక్యూర్‌కు ముందు కాళ్లు షేవింగ్ చేసుకున్నవాళ్లకు ముప్పు మరింత. ఆక్లాండ్ కౌన్సిల్ 2013 ఆరోగ్య బైలాలో చర్మానికి గాయమయ్యే అవకాశమున్న సేవలను చేర్చి, పెడిక్యూర్‌నూ వాటి సరసన పెట్టింది.

ఇక మధ్యన మిగిలింది ముసలివాళ్ల గోళ్లు. వంగలేని నడుము, మసకేసిన చూపు, కొమ్ములా గట్టిపడిన గోరు. బ్యూటీ షాపు పని కాదు, ప్రతిసారీ పొడియాట్రిస్టు దొరకడు. కాలేజీ ఒక్కటే. పైగా 1997 నాటి పరస్పర గుర్తింపు చట్టం వల్ల న్యూజిలాండ్‌లో రిజిస్టరైనవాళ్లు ఆస్ట్రేలియాలోనూ రిజిస్టర్ కావచ్చు, అక్కడికి వెళ్లిపోయేవాళ్లను ఆపేదెవరు? వృద్ధాశ్రమాల్లో ఈ పని నర్సుల నెత్తిన పడుతోంది. వాళ్లకిచ్చే శిక్షణలో గోరు ఎలా కత్తిరించాలన్నది చిన్న పాఠం. మూలల్లోకి తవ్వకుండా, వేలి వంపునే పోతూ కొంచెం కొంచెంగా తీయాలి. ఎప్పుడు కత్తెర పక్కన పెట్టాలన్నదే పెద్ద పాఠం. వేలు ఎర్రబడినా, పాదం చల్లగా తగిలినా, ఆనెకాయ కింద నల్లగా కనిపించినా ముట్టుకోకుండా పొడియాట్రిస్టుకు రాసి పంపాలి.