రంగుటద్దపు గవాక్షములు

ఇల్లు కట్టుట వేఱు, ఇంటిలోనికి వెలుతురును పిలుచుట వేఱు. గోడ ఎండను, వానను, దొంగను ఒక్కతీరుగ ఆపును. కిటికీ మాత్రము, గోడ ఆపినవానిలో మేలైనదానిని ఏరి లోనికి విడుచును. ఆ వెలుతురును ఉన్నది ఉన్నట్లు విడువక, దానికొక వర్ణమును, రూపమును ఇచ్చి విడువవలెనను కోరికనుండియే రంగుటద్దపు గవాక్షము పుట్టినది. తెలుగునాట ఈ విద్యకు ప్రసిద్ధమైన నెలవు మెదకు పట్టణమునందలి క్రైస్తవ మహామందిరము.

మన పూర్వులు వెలుతురును మలచుటకు ఱాతినే వాడిరి. 1163లో రుద్రదేవుడు కట్టించిన హనుమకొండ వేయిస్తంభముల గుడిలో గర్భగృహద్వారమునకు ఇరుప్రక్కల ఱాతిని తొలిచి జాలకములు చేసిరి. తొర్రూరు ప్రాంతమునుండి ఆ గుడికి పోయివచ్చినవారు వానిని ఎఱుగుదురు. వెలుతురు జల్లెడపట్టిన పిండివలె వానిగుండ మెత్తగా దిగును. గాజు మనవారికి తెలియని వస్తువు కాదు. సంస్కృతమున దానికి కాచమని పేరు. నీతికారులు దానిని మణికి సాటిరాని పదార్థముగా పేర్కొనిరి. పూసలై, ముంజేతి గాజులై అది అలంకారమైనదిగాని, గోడలో నిలిచి బొమ్మకట్టు పని మన పాతగుళ్లలో దానికి దొరకలేదు.

ఐరోపాఖండమున ఆ పని దానికి దొరకినది. ఫ్రాన్సు దేశమున సెంట్ డెనీ ఆలయమున 1144లో ప్రతిష్ఠితమైన భాగమునందును, అటుపిమ్మట షార్ట్రు మందిరమునందును రంగుటద్దములు పురాణకథలను చెప్పినవి. అక్షరము రాని జనులకు కథ తెలుపుట వాని ప్రయోజనములలో ఒకటి. జనగామకు చేరువనున్న చేర్యాలలో నకాశీలు గుడ్డపై పటము వ్రాయగా, కథకులు దానిని విప్పి కులపురాణములను వినిపించుట ఈ ప్రాంతమువారికి పరిచితమే. పని ఒక్కటే, భేదమెల్ల దీపము ఉండుచోట. పటమునకు దీపము ముందుండవలెను. గవాక్షమునకు దీపము వెనుకనుండవలెను. ఆ దీపము సూర్యుడు.

ఈ గాజు చేయు విధము తెలియదగినది. ఇసుక మొదలగు పదార్థములు కొలిమిలో కరగియున్నప్పుడే లోహభస్మములను చేర్తురు. కోబాల్టు నీలమునిచ్చును. రాగి, కరగించిన తీరునుబట్టి ఆకుపచ్చనో ఎఱ్ఱదనమునో ఇచ్చును. మాంగనీసు ఊదారంగునిచ్చును. వెండిలవణము పైపూతయై, కాల్చగా పసిమి నిచ్చును. కన్నులు, ముక్కు, వస్త్రపు మడతలు నల్లని పూతతో గీసి మరల కాల్తురు. పిమ్మట ఆ తునకలను సీసపుపట్టీల గాడులలో బిగించి అదుకుదురు. రంగు గాజులోనే కలసియుండుటచే ఎండకు వెలియదు. నేడు అంగళ్లలో దొరకు ప్లాస్టిక్ పొరలను అద్దమునకు అంటించి ఇదియే అదియని మురియువారు ఈ భేదము గమనింపవలెను. ఆ పొర కొన్నియేండ్లకే వెలసిపోవును.

మెదకు మందిరమును కట్టించినవాడు ఛార్లెస్ వాకర్ పాస్నెట్ దొర. పని 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. గోపురము ఎత్తు సుమారు 175 అడుగులు. అవి కరవుదినములు. పనికి వచ్చినవారికి తిండి దొరకుట కట్టడముయొక్క మొదటి ప్రయోజనమయ్యెను. లోపలి గవాక్షములు మూడు. వానిని రూపొందించినవాడు లండను చిత్రకారుడు ఫ్రాంక్ ఓ. సాలిస్బరీ. బలిపీఠము వెనుకనున్న క్రీస్తు ఆరోహణచిత్రము 1927లోను, జననచిత్రము 1947లోను, శిలువచిత్రము 1958లోను అమరినవి. మొదటిదానికిని మూడవదానికిని నడుమ ముప్పదియొక్క సంవత్సరములు. కరవునాడు ఱాయి మోసినవారిలో ఎందఱో మూడవ గవాక్షమును చూడకయే గతించియుందురు.

పగటివేళ బయటనుండి చూచువానికి ఆ గవాక్షములు సీసపుగీతల నడుమ నల్లని పలకలుగనే తోచును. లోనికి అడుగిడినవానికే అవి నీలమై, కెంపై, కథయై పలుకును. ప్రొద్దుగ్రుంకినంతనే లోపలను మౌనము వహించును.

ఇదే విద్య రాజభవనములకును ఎక్కినది. వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేయించిన హైదరాబాదు ఫలక్‌నుమా మేడలో రంగుటద్దపు కిటికీలు కలవు. అచ్చట అవి వైభవమునకు మాత్రమే. పాతకాలపు మేడయిండ్లలో తలుపుపై అమర్చిన ఎఱ్ఱని, పచ్చని బిళ్లలలో కథయు లేదు, వైభవమును లేదు. ఉదయమున నేలపై ప్రాకు రెండు రంగులమచ్చలే ఆ యింటి పిల్లలకు ఉత్సవము.

ఇల్లు కట్టువారు ఒకటి మఱువరాదు. ముదురు రంగుటద్దము వెలుతురులో ఎక్కువపాలును తానే మ్రింగును. కాగితమునకు, వస్త్రమునకు లేని రంగును పులుమును. కావున దానిని తలుపుపైన, మెట్లవద్ద అమర్చుట యుక్తము. చదువుకొను బల్లకు తెల్లని వెలుతురే తగును.

మెదకు గవాక్షములను గీసినవాని పేరు లోకమెఱుగును. వాని చుట్టును గోడలెత్తిన వడ్డెరలు, కాసెపనివారు, తట్టమోసిన స్త్రీలు, వీరి పేర్లు ఎఱిగినవారు అరుదు. ఈ ప్రాంతపు పాతయిండ్లను, గుడులను, బావులను కట్టినవారి పేర్లు వృద్ధుల నోట ఇంకను కొన్ని మిగిలియున్నవి. వానిని అడిగి వ్రాసియుంచుటకు గ్రంథాలయముకంటె తగిన చోటు లేదు. రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయము తన బీరువాలో అట్టి పుస్తకమొకటి తెల్లకాగితములతోనైన తెఱచియుంచుట మేలు. వృద్ధులు ఉండగనే ఆ పని జరుగవలెను.