వర్గం (గణితం)

ఒక సంఖ్యను అదే సంఖ్యతో గుణిస్తే వచ్చే లబ్ధం దాని వర్గం. ఐదు వర్గం 25. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయం ఈ మాటకు రెండు అర్థాలు చెప్పింది: నాలుగు భుజాలు సమానమైన చతురస్రమూ దాని వైశాల్యమూ వర్గమే, రెండు సమాన రాశుల లబ్ధమూ వర్గమే. ఇంటి స్థలాన్ని చదరపు గజాల్లో చెప్పుకునేటప్పుడు బొమ్మనూ లెక్కనూ ఇలాగే కలిపి పలుకుతున్నాం.

పాత ఆధారాలు బాబిలోనియా మట్టి పలకలు. అక్కడి లేఖకులు 59 వరకు వర్గాల పట్టికలు రాసుకున్నారు. క్రీ.పూ. 1800–1600 మధ్య నాటి ఒక పలక మీద చతురస్రం, దాని కర్ణాలు గీసి, రెండు వర్గమూలాన్ని కూడా చెక్కారు. అది మన దశాంశాల్లో సుమారు 1.414213. మన దేశంలో యజ్ఞవేదికలను తాడుతో కొలిచేవారు. చతురస్రం కర్ణం మీద గీసిన చతురస్రం వైశాల్యంలో మొదటిదానికి రెట్టింపు అని బౌధాయన శుల్బసూత్రం చెబుతుంది. అదే గ్రంథంలోని నియమం ప్రకారం రెండు వర్గమూలం 577/408; అయిదు దశాంశ స్థానాల వరకు సరైన విలువ అది.

బొమ్మతో సమీకరణాన్ని సాధించడంలో 9వ శతాబ్దపు బాగ్దాద్ పండితుడు అల్ ఖ్వారిజ్మీ చూపిన దారి అందమైనది. ఒక వర్గానికి దాని మూలం పది రెట్లు కలిపితే 39, మూలమెంత? ఆయన ముందుగా ఆ మూలమే భుజంగా ఒక చతురస్రం గీశాడు. పక్కపక్కనున్న రెండు భుజాలకు అయిదేసి వెడల్పున్న దీర్ఘచతురస్రాలు అతికించాడు. మొత్తం వైశాల్యం 39, కానీ ఒక మూల ఖాళీ. అక్కడ పట్టేది 5 భుజంగా గల చతురస్రం, అంటే 25. దాన్ని నింపితే 64 వైశాల్యంతో పెద్ద చతురస్రం తయారవుతుంది. దాని భుజం 8. అయిదు తీసేస్తే మూలం 3. పదో తరగతిలో ‘వర్గాన్ని పూర్తిచేయడం’ అంటున్నది అక్షరాలా ఈ మూల నింపడమే. బొమ్మ లేకుండా చెబితే పిల్లలకు అది బట్టీ పట్టే సూత్రంగానే మిగులుతుంది. −13 కూడా ఈ సమీకరణానికి మూలమే. కానీ భుజం పొడవు రుణసంఖ్య కాలేదు గనుక ఆయన దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

రుణసంఖ్యను రుణసంఖ్యతో గుణిస్తే ధనసంఖ్య వస్తుందని 628లోనే బ్రహ్మగుప్తుడు చెప్పాడు. అందువల్ల రుణసంఖ్యకు వర్గమూలం లేదని 9వ శతాబ్దపు జైన గణితజ్ఞుడు మహావీరుడు తేల్చాడు. ఆయన గణితసార సంగ్రహాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆ లేని మూలాలతో లెక్క చేసే నియమాలను 1572లో ఇటలీకి చెందిన బొంబెల్లి ప్రకటించాడు.

1637లో గణితజ్ఞుడు డెకార్ట్ ఒక ప్రమాణ రేఖను ఎంచుకుని, రెండు పొడవుల లబ్ధాన్ని కూడా పొడవుగానే చూపాడు. దాంతో బీజగణితంలోని వర్గం వైశాల్యానికి కట్టుబడి ఉండనక్కర లేకపోయింది. వృత్తానికి సమాన వైశాల్యం గల చతురస్రాన్ని స్కేలు, వృత్తలేఖినితో గీయగలమా అన్న గ్రీకుల నాటి ప్రశ్నకు జవాబు కూడా సంఖ్యల నుంచే వచ్చింది. వృత్త పరిధికీ వ్యాసానికీ గల నిష్పత్తి π (పై) బీజాతీత సంఖ్య, అంటే పూర్ణాంక గుణకాలున్న ఏ బీజగణిత సమీకరణానికీ మూలం కాదు అని 1882లో గణితజ్ఞుడు లిండెమన్ నిరూపించడంతో అది అసాధ్యమని తేలింది. ఇక మిగిలింది ఉజ్జాయింపు. 1913లో రామానుజన్ π కు 355/113 విలువతో అలాంటి నిర్మాణాన్ని ప్రచురించాడు. వృత్తం వైశాల్యం 1,40,000 చదరపు మైళ్లయినా, ఆ నిర్మాణంతో గీసిన చతురస్రం భుజంలో తేడా దాదాపు ఒక అంగుళమే.