జీర్ణాశయ క్యాన్సర్‌లో టెలోమరేజ్ నిరోధం

క్యాన్సర్ కణానికి అంతులేని ఆయువు పోసే టెలోమరేజ్ ఎంజైమును అడ్డుకుని, ఆ కణం తనంతట తానే చనిపోయేలా చేసే పద్ధతి ఇది. జీర్ణాశయ క్యాన్సర్‌కు ఇంకా వాడుక చికిత్స కాలేదు. పరిశోధన దశలో ఉంది.

నేపథ్యం

కొంగు పోగులు విడిపోకుండా కుచ్చులు ముడేసినట్టు, క్రోమోజోముల కొసలను టెలోమియర్లు కాపాడతాయి. మనిషిలో ఇవి టీటీఏజీజీజీ అనే ఆరక్షరాల డీఎన్‌ఏ వరుస వేలసార్లు తిరిగి రావడం వల్ల ఏర్పడతాయి. కణం విభజన చెందిన ప్రతిసారీ కాస్త అరుగుతాయి. ఆ అరుగుదలను పూడ్చే టెలోమరేజ్‌ను 1984లో శాస్త్రవేత్తలు ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, కరోల్ గ్రైడర్ కనుగొన్నారు. 2009లో జాక్ షోస్టాక్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. మామూలు దేహకణాల్లో అధికభాగంలో ఈ ఎంజైము పనిచేయదు. జీర్ణాశయ క్యాన్సర్‌తో సహా అత్యధిక క్యాన్సర్లలో చురుగ్గా ఉంటుంది.

పనిచేసే తీరు

టెలోమరేజ్‌లో అచ్చుగా ఉండే ఆర్‌ఎన్‌ఏ, దాన్ని చూసి డీఎన్‌ఏ అల్లే ప్రోటీన్ ఉంటాయి. అక్షరాలు జోడీగా సరిపోయేలా తయారుచేసిన యాంటీసెన్స్ తునకలు ఆర్‌ఎన్‌ఏకు అతుక్కుని ఆ అచ్చును మూసేస్తాయి. టెలోమరేజ్ చురుకుదనాన్ని కొలిచే ప్రయోగశాల పరీక్షలో చురుకైన ఎంజైము ఆరేసి అక్షరాల ఎడంతో నిచ్చెన మెట్లలాంటి గీతలు చూపుతుంది. నిరోధం పనిచేస్తే అవి మసకబారతాయి. జీర్ణాశయ క్యాన్సర్ కణాలను ప్రయోగశాలలో పెంచి ఇలా అడ్డుకున్నప్పుడు అపోప్టోసిస్, అంటే కణం తన్ను తాను కూల్చుకోవడం, కనిపించింది.

పరిమితులు

టెలోమియర్లు అరిగేదాకా ఆగాలి కాబట్టి సాధారణంగా ఫలితం ఆలస్యమవుతుంది. కొన్ని క్యాన్సర్లు టెలోమరేజ్ లేకుండానే కొసలు నిలుపుకుంటాయి. రక్తాన్ని తయారుచేసే మూలకణాలకూ ఈ ఎంజైము అవసరమే కాబట్టి వాటికీ దెబ్బ తగలవచ్చు. ఈ తరహా మందు ఇమెటెల్‌స్టాట్‌కు 2024 జూన్‌లో అమెరికా అనుమతి దక్కింది. అది ఒక రకం ఎముక మజ్జ జబ్బుకే.

తెలుగు నేలతో సంబంధం

ఎంజైమును అడ్డుకుని క్యాన్సర్‌ను లొంగదీసే ఆలోచనకు తెలుగువారి చేయూత పాతదే. భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో తయారైన అమినోప్టెరిన్ అనే మందు ఒక ఎంజైమును అడ్డుకుని ఫోలిక్ ఆమ్లం పనిని ఆపుతుంది. దానితో పిల్లల్లో రక్తక్యాన్సర్ తాత్కాలికంగా తగ్గిందని అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు.

కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ లాంటి ఊళ్ల వాసులకు ఈరోజు అక్కరకొచ్చేది మాత్రం తొలిదశలోనే గుర్తించడం. కొద్దిగా తినగానే కడుపు నిండడం, బరువు తగ్గడం, నల్లటి మలం కనిపిస్తే గ్యాస్ మాత్రలతో రోజులు గడపకూడదు. గొట్టంతో కడుపు లోపల చూసే ఎండోస్కోపీలో తీసే గింజంత ముక్క జబ్బు సంగతి తేలుస్తుంది. ప్రభుత్వ రంగంలో హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి చికిత్స అందిస్తోంది. కొత్త మందు వచ్చేదాకా ప్రాణం నిలిపేది, వేళకు చేయించుకున్న ఆ ఎండోస్కోపీ పరీక్షే.