వేలం, హర్రాజు, కొసరు: తెలుగునాట పాత కొయ్యసామాను క్రయవిక్రయాలకు భాషాధారాలు

తెలుగువారి సాంఘిక చరిత్రలో ఆహారం, ఆభరణాలు, వస్త్రాలకు దక్కిన స్థానం ఇంటిలోని కొయ్యసామానుకు దక్కలేదు. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) కావ్యాలనుండి జనజీవితాన్ని వెలికితీసే మార్గాన్ని చూపింది. ఆ మార్గంలో నడిచినవారికి ‘క్రీడాభిరామం’ వంటి కృతులు ఓరుగంటి వీధులను, అంగళ్ళను కళ్ళకు కట్టిస్తాయి. అయితే కుర్చీ, మేజా, అలమారా తెలుగు ఇంటిలోకి ప్రవేశించిన కాలానికి వచ్చేసరికి కావ్యం అంతగా తోడురాదు. దానితో పరిశోధకులు సంస్థానాల వైభవ వర్ణనలను, మ్యూజియం వస్తువులను ఆశ్రయించారు. ఆంగ్లేయుల అనుకరణలో భాగంగా సంపన్నులు కుర్చీలు చేయించుకొన్నారనీ, వారిని చూసి మధ్యతరగతి చేయించుకొన్నదనీ ఒక క్రమం స్థిరపడిపోయింది. ఈ క్రమం అసంపూర్ణమని నా అభిప్రాయం. ఈ సామానులో గణనీయమైన భాగం మన ఇళ్ళకు కొత్తగా చేయించినదిగా కాక, మరొకరు వాడి విడిచినదిగా వచ్చింది. వచ్చిన దారిని ఆ వ్యాపారపు మాటలే చెబుతున్నాయి.

ముందుగా వస్తువుల పేర్లు చూడవచ్చు. మంచం, పీట అనేవి సంస్కృత మంచ, పీఠ శబ్దాల నుండి ఏర్పడి ఏనాడో తెలుగైపోయినవి. పెట్టె, బల్ల మనవే. నేలమీద కూర్చుని, నేలమీద భుజించే ఇంటికి ఇవి చాలు. కుర్చీ అరబ్బీ ‘కుర్సీ’ నుండి పారసీక, హిందుస్తానీల మీదుగా వచ్చింది. సోఫా మూలం కూడా అరబ్బీయే. అలమారా పోర్చుగీసు ‘అర్మారియో’. బెంచీ ఆంగ్లం. అంటే ఎత్తైన ఆసనం, తలుపులున్న నిలువు పెట్టె, ఈ రెంటికీ పేర్లు బయటినుండి దిగినవే. పలక అనే అర్థంగల ‘బల్ల’ కొత్త కొలువులో చేరి రాతబల్ల, భోజనబల్ల అయింది. పడక కుర్చీ, మడత కుర్చీ అన్న సమాసాలు పరాయి వస్తువును వాడుకలోకి తెచ్చుకొన్న తీరుకు చక్కని ఉదాహరణలు.

ఇక్కడ ఒక వైచిత్రి ఉంది. ఈ వస్తువులు తెలుగు ఇళ్ళలో ఇంకా అరుదుగా ఉన్న రోజులలోనే తెలుగు పనివారు వాటిని అత్యుత్తమంగా చేస్తున్నారు. పద్దెనిమిదవ శతాబ్దంలో విశాఖపట్నపు కమ్మరీడు కాదు, కంసాలి పనితనం ఐరోపా వాసులను ఆకర్షించింది. టేకు, ఇరుగుడు, నల్లచేవ కొయ్యలలో దంతాన్ని పొదిగి, ఆ దంతంపై లతలు, పూలు చెక్కి, గీతలలో నల్లని లక్క నింపేవారు. నమూనా ఆంగ్లేయులది, అంచున సాగే లత మన కలంకారీ అద్దకానికి చుట్టం. ఆ కుర్చీలలో కూర్చున్నది కంపెనీ ఉద్యోగులు. నేడు ఆ సామాను లండను విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. మిగిలినది అక్కడి వేలంశాలలలో తరచు చేతులు మారుతూనే ఉంది.

కంపెనీ ఉద్యోగికి ఈ దేశం మజిలీ. మరణమో, బదిలీయో, స్వదేశ ప్రయాణమో సంభవించినప్పుడు బరువైన కొయ్యసామానును ఓడలో తీసుకుపోవడం అందరికీ సాధ్యం కాదు. మద్రాసులో మరణించినవారి ఆస్తిని జాబితా రాసి బహిరంగంగా అమ్మేవారు. ఈ అమ్మకానికి ఆనాటి ఆంగ్లేయులు వాడిన మాట ‘ఔట్‌క్రై’, అంటే కేక వేసి అమ్మడం. కొనేవారిలో తోటి ఉద్యోగులతోపాటు దుబాసీలు, స్థానిక వర్తకులు ఉండేవారు. కుర్చీ తన మొదటి యజమానిని విడిచి తెలుగువాని వసారాలోకి నడిచిన ద్వారాలలో ఇది ప్రధానమైనది.

అమ్మకపు పద్ధతి వస్తువుతోపాటే వచ్చింది. ‘వేలం’ పోర్చుగీసు ‘లెయిలావ్’ నుండి వచ్చినదే. మలయాళంలో ‘లేలం’, తమిళంలో ‘ఏలం’, మరాఠీలో ‘లిలావ్’, హిందీలో ‘నీలాం’ దాని తోబుట్టువులు. తెలుగు మూలపదాన్ని పుచ్చుకొని ఊరుకోలేదు. ధర పలకడాన్ని హిందీ ‘బోలీ’ అన్నది, అంటే పలుకు. తెలుగు దానిని ‘పాట’ అన్నది. వేలంపాట, పాటదారు, హెచ్చుపాట, పాట కొట్టివేయడం అనే పదజాలమంతా ఆ ఒక్క మాటనుండి పుట్టింది. వేలంవేసేవాడు ఒకే ధరను రాగం తీసి ముమ్మారు చెప్పే పద్ధతిని విన్న చెవి దీనిని కల్పించి ఉంటుందని నేను ఊహిస్తున్నాను. పశువుల సంతలో తువాలు కింద వేళ్ళు పట్టుకొని మూడోవానికి తెలియకుండా సాగే బేరానికి ఇది పూర్తిగా ఎదురు. అక్కడ ధర రహస్యం. ఇక్కడ ధర ఊరంతా వినే పాట.

ఆ పాట ఊరంతా వినడంలో అవమానమూ ఉంది. కోర్టు జప్తులు వేలాన్ని పట్టణాలనుండి పల్లెలకు తీసుకుపోయాయి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం డిక్రీ అమలులో ఋణగ్రస్తుని చరాస్తిని జప్తుచేసి బహిరంగ వేలంలో అమ్మవచ్చు. ఆ అమ్మకాన్ని టముకు వేయించి చాటవచ్చు. ఆ చట్టం 60వ సెక్షను ఋణగ్రస్తునికి, అతని భార్యాబిడ్డలకు అవసరమైన కట్టుబట్టలను, వంటపాత్రలను, మంచాలను, పడకలను, చేతిపనివాని పనిముట్లను జప్తునుండి మినహాయించింది. మతాచారం ప్రకారం స్త్రీ విడువరాని ఆభరణాన్నీ వదిలింది. కుర్చీని, బల్లను, అలమారాను పేర్కొనలేదు. సాంఘిక చరిత్రకారునికి ఈ సెక్షను ఒక నిఘంటువు వంటిది. ఏది బ్రతకడానికి కావలసినది, ఏది లేకపోయినా గడిచేది అన్న విభజనను చట్టమే చేసిపెట్టింది. పైన చూసిన భాషావిభజనతో ఇది చాలావరకు సరిపోవడం గమనార్హం: పాతపేరున్న మంచం ఇంట్లో మిగిలింది, పరాయిపేరున్న కుర్చీ వీధిలోకి వచ్చింది.

‘వేలం’ తీరాంధ్రపు మాటగా వ్యాపించగా, నిజాం రాజ్యంలోని తెలుగు మరో మాటను పట్టుకొన్నది. తెలంగాణలో వేలానికి ‘హర్రాజు’ అన్న వాడుక ఉంది. కన్నడంలోని ‘హరాజు’ దీని జంట. మూలం అరబ్బీ ‘హరాజ్’. పోర్చుగీసు ‘లెయిలావ్’ సైతం చాటింపు అనే అర్థంగల అరబ్బీ శబ్దం నుండి పుట్టిందని ‘హాబ్సన్-జాబ్సన్’ (1886) కర్తలు సూచించారు. అది సరియైతే, ఒకటి లిస్బన్ చుట్టివచ్చి, మరొకటి దక్కనీ ఉర్దూ దారిన వచ్చి, రెండు అరబ్బీ మాటలు ఒకే భాషలో ఒకే పనికి నిలిచాయన్నమాట. మన ప్రామాణిక పదకోశాలలో వేలానికి దొరికినంత వివరణ హర్రాజుకు దొరకకపోవడం మాత్రం భాషాచరిత్ర చేసిన పక్షపాతమే.

హైదరాబాదులో ఈ మాటకు విస్తృతమైన పని 1948 తర్వాత కలిగింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. ఆదాయం ఆగిన దేవిడీలలో పెద్ద పరివారాన్ని, పెద్ద గదులను నిలుపుకోవడం కష్టమైంది. దర్పణాలు, షాండ్లియర్లు, చెక్కడపు మంచాలు, పాలరాతి బల్లలు అంగడికి దిగాయి. ఇందుకు భిన్నమైన గతి పట్టిన సేకరణ ఒక్కటి సుప్రసిద్ధం. 1949లో మూడవ సాలార్‌జంగ్ వారసులు లేకుండా మరణించగా, ఆయన వస్తువులతో 1951 డిసెంబరులో దివాన్ దేవిడీలోనే మ్యూజియం వెలసింది. నేడు మనం టిక్కెట్టు కొని చూసే కుర్చీకి, పురానాపూల్ సమీపాన జుమేరాత్ బజారులో బేరమాడి కొన్న కుర్చీకి పుట్టుకలో భేదం లేకపోవచ్చు. ఒకదానికి జాబితా ఉంది, రెండవదానికి లేదు. ఉర్దూలో జుమేరాత్ అంటే గురువారం. వారపు సంతను వారం పేరుతో పిలిచే మన పద్ధతిలోనే ఈ పేరూ ఏర్పడింది. ఎర్రగడ్డ ఆదివారపు సంతది ఇదే కుదురు.

మద్రాసు తెలుగువారికి ఈ స్థానంలో ఉన్నది మూర్ మార్కెట్. 1898లో శంకుస్థాపన జరిగి, 1900లో తెరుచుకొన్న ఆ ఎర్ర ఇటుకల భవనం పాత పుస్తకాలకు, పాత వస్తువులకు దక్షిణాది అంతటా పేరు పొందింది. 1985 మే నెలలో అగ్నికి ఆహుతయింది. అక్కడ దొరికిన పుస్తకాల గురించి మన పండితులు తలచుకొన్నంతగా, ఆ పుస్తకాలను పెట్టుకొన్న బీరువాల గురించి తలచుకోలేదు. పుస్తకానికి యజమాని సంతకం ఉంటుంది, కుర్చీకి ఉండదు.

వేలంలో పాట ఒక్కసారితో ముగుస్తుంది. సంతలో బేరం అలా ముగియదు. పాతసామాను కొనేవాడు మొదట కొయ్యను తట్టి చూస్తాడు. బోలుగా మోగితే చెద తిన్నదని లెక్క. తిరగేసి అడుగుభాగం చూస్తాడు, ఎందుకంటే పైన వార్నీషు అబద్ధమాడుతుంది. కొయ్యమేకుల అతుకు ఉంటే ఒక ధర, ఇనుపమేకు దిగితే మరొక ధర. పగుళ్ళలో నల్లులను వెతుకుతాడు. ఈ లోపాలన్నీ ధర తగ్గించే వాదాలుగా మారతాయి. అమ్మేవాడు బోణీ బేరమని బ్రతిమాలుతాడు, గిట్టదంటాడు, చివరకు ‘కొసరు’ దగ్గర ఇద్దరూ కలుస్తారు. కుర్చీతోపాటు ఒక పీట, బల్లతోపాటు విరిగిన సొరుగుకు పిడి. ధర తగ్గించకుండానే తగ్గించే ఈ ‘కొసరు’కు వేలంలో చోటు లేదు. హెచ్చుపాటదారునికి కొసరడిగే హక్కు లేదు. పరాయివారి సొత్తు పాటలో తెలుగు ఇంటికి వచ్చినా, అది రెండోసారి, మూడోసారి చేతులు మారే సమయానికి మన అంగడి మర్యాదలోకి వచ్చేసిందని దీనివల్ల తెలుస్తున్నది. ఒక్కొక్కటిగా, జతకుదరకుండా చేరిన సామానుతో నిండిన మధ్యతరగతి సావిడికి మూలకారణం అభిరుచిలేమి అనడం అన్యాయం. అది విడివిడి బేరాల ఫలితం.

స్థానిక వడ్రంగులు కొత్త కుర్చీలు చేయలేదని దీని అర్థం కాదు. పాత కుర్చీ వారికి నమూనా అయింది. అన్ని వస్తువులూ ఇలా చేతులు మారడానికి లొంగలేదు కూడా. మంచం విషయంలో సంకోచం బలమైనది. అపరకర్మలలో శయ్యాదానం ఉంది. పోయినవారి పేరిట మంచం ధరలేకుండా దానంగా చేయి మారుతుంది. కనుక ఎవరిదో తెలియని పాత మంచాన్ని కొనేందుకు వెనుకాడేవారు ఎవరిదో తెలియని కుర్చీని నిస్సంకోచంగా కొంటారు. ఇనుప బీరువాది ఇంకొక దారి. గోద్రెజ్ సంస్థ 1923లో ఉక్కు బీరువాలను మార్కెట్టులోకి తెచ్చింది. నల్లులకు, చెదలకు లొంగని ఆ వస్తువు కాలక్రమాన పెండ్లికూతురి సారెలో చేరి, అత్తవారింటికి కొత్తదిగానే వెళ్ళే గౌరవం పొందింది. అందువల్లనే ఇల్లు గడవక దానిని అమ్మవలసి వచ్చినప్పుడు అది కొయ్య అలమారా అమ్మినంత తేలిక కాదు.

గల్ఫ్ దేశాలకు వలసవెళ్ళిన తెలంగాణ కార్మికులు హర్రాజును మళ్ళీ దాని పుట్టింట కలుసుకొంటున్నారు. సౌదీ అరేబియాలో పాతసామాను అంగడి పేరు నేటికీ ‘హరాజ్’. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాలవారు తమ ఊళ్ళో కల్లు దుకాణాల పాటకు వాడిన మాటను, అక్కడ గదిలోకి పాత మంచం కొనుక్కొనే చోటికి వాడుతున్నారు.