గోడెక్కిన పెరడు

చిన్నప్పుడు ఏడు వింతలూ బట్టీ పట్టని వాళ్ళు మనలో ఎవరున్నారు చెప్పండి? అందులో బాబిలోన్ వేలాడే తోటలంటే ఆడపిల్లలకి మరీ ముచ్చట. కొండల సీమలో పుట్టిన రాణిగారు పుట్టింటి మీద బెంగ పెట్టుకుంటే, రాజుగారు ఆవిడ కోసం మేడల మీద అడవినే పెంచేశాడట! మనింట్లో ఒక గులాబీ అంటు తెచ్చిపెట్టమంటే ఆర్నెల్లు పడుతుంది.

కానీ చరిత్ర కథంత తియ్యగా వుండదు. 1899 నుంచి 1917 దాకా రాబర్ట్ కోల్డెవే అనే జర్మన్ పండితుడు బాబిలోన్‌ని తవ్వించి, ఒక కట్టడాన్ని చూపించి ఇదే ఆ తోట పునాది అన్నాడు. తర్వాత వచ్చినవాళ్ళు, అది సరుకులు దాచుకునే కొట్టయి వుంటుందన్నారు. నెబుకద్‌నెజరు మహారాజు తాను కట్టించిన వాటి గురించి బోలెడు శాసనాలు రాయించుకున్నాడు గాని, వాటిలో తోట ఊసే లేదు. స్టెఫానీ డాలీ అనే పండితురాలు ఆ తోట అసలు బాబిలోన్‌ది కాదు, నినెవే నగరానిదని వాదించింది. తోట ఎక్కడిదో తేలకపోయినా, దాన్ని వర్ణించిన పాత గ్రీకు రచయితలు నదిలో నీళ్ళను పైకి తోడే యంత్రాల సంగతి మాత్రం మరిచిపోలేదు. నిజమే కదూ! మొక్కని మేడ ఎక్కించడం ఎంతసేపు? నీళ్ళను ఎక్కించడంలోనే వుంది కష్టమంతా.

ఇప్పుడు ఆ కష్టం మన బాల్కనీల్లోకి వచ్చింది. ఒకప్పుడు మన ఇళ్ళకి పెరళ్ళుండేవి. నూతి దగ్గర గిన్నెలు కడిగిన నీళ్ళూ, స్నానాల నీళ్ళూ సన్నటి కాలవగా పారి అరటి పాదులోకో, చేమ మడిలోకో పోయేవి. నీటి పొదుపు గురించి అమ్మమ్మలకి ఎవరూ ఉపన్యాసాలివ్వలేదు. ఒకరు వదిలిన నీళ్ళు ఇంకొకరికి తిండి అని వాళ్ళకి తెలుసు, అంతే. అపార్టుమెంట్లు వచ్చాక పెరడు పోయింది, కాలవ పోయింది. గోడలు మాత్రం మిగిలాయి.

ఆ గోడకే తోట కట్టేవాళ్ళు ఈమధ్య కనిపిస్తున్నారు. అడుగున చేపల తొట్టి. దాని పైన గోడకి వరసగా గొట్టాలో, సంచుల్లాంటి జేబులో, వాటిలో పుదీనా, పాలకూర, తోటకూర. చిన్న మోటారు తొట్టిలో నీళ్ళని పైకి తోస్తే, అవి వేళ్ళ మధ్యనించి బొట్లు బొట్లుగా దిగి, శుభ్రపడి, మళ్ళీ తొట్టిలోనే పడతాయి. చేప వడ్డిస్తుంది, మొక్క తిని నీళ్ళు కడిగి పంపిస్తుంది. దీనికి ఆక్వాపోనిక్స్ అని పేరు. పేరు కొత్తదేగాని, పని కొత్తది కాదు.

చైనాలో చెజియాంగ్ రాష్ట్రంలో చింగ్‌తియెన్ అనే కొండ ప్రాంతముంది. అక్కడ వరి మళ్ళలో చేపలు పెంచడం వెయ్యేళ్ళ నాటి అలవాటు. చేపలు పురుగుల్నీ కలుపునీ తింటాయి, బురదని కదుపుతాయి, వాటి రెట్ట వరికి ఎరువవుతుంది. ప్రపంచ వ్యవసాయ వారసత్వ సంపదల్లో ఒకటిగా దీన్ని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ 2005లో గుర్తించింది.

సముద్రాల అవతల, ఆ చైనా వాళ్ళ ముఖం ఎరగని మెక్సికో రైతులకీ ఇదే బుద్ధి పుట్టింది. అజ్టెక్‌ల రాజధాని చుట్టూ వున్న లోతులేని సరస్సుల్లో వాళ్ళు బురదా, గడ్డీ పేర్చి పొడుగాటి మళ్ళు లేపారు. గట్లు జారకుండా అంచుల వెంట నీటి చెట్లు నాటారు. మళ్ళ మధ్య కాలవల్లో చేపలు తిరిగేవి. రైతులు ఆ కాలవల అడుగు బురద తోడి మడి మీద పోసేవాళ్ళు. వీటిని తేలే తోటలని పిలుస్తారు గాని, అవి తేలవు, నేలకి పాతుకునే వుంటాయి. 1521లో స్పెయిన్ వాళ్ళ చేతిలో రాజధాని కూలింది. చాలా సరస్సులు ఎండబెట్టేశారు. అయినా సోచిమిల్కోలో ఆ మళ్ళు కొన్ని ఇంకా మిగిలి వున్నాయి. 1987లో ఆ చోటు యునెస్కో జాబితాకెక్కింది.

ఇందులో కంటికి కనిపించని మూడో మనిషి ఒకరున్నారు. చేప వదిలేది ఎక్కువభాగం అమ్మోనియా. అది పేరుకుంటే చేపకే విషం. దాన్ని ముందు నైట్రైటుగా, ఆ పైన మొక్కలు తినే నైట్రేటుగా మార్చేది సూక్ష్మజీవులు. ఇది ప్రాణమున్న వాటి పనేనని 1877లో ఫ్రాన్సులో తేల్చారు. ఆ జీవుల్ని విడదీసి చూపించినవాడు వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు, 1890 ప్రాంతంలో. ఈ జీవుల్ని ఎవరూ చూడకముందే చైనా రైతూ, మెక్సికో రైతూ వందల ఏళ్ళు వాటిచేత పని చేయించుకున్నారు.

ఆ పాత బుద్ధిని తొట్లలోకి, లెక్కల్లోకి దించింది ఇరవయ్యో శతాబ్దం చివరి భాగంలో అమెరికా వాళ్ళు. 1969లో జాన్ టాడ్, ఆయన భార్య నాన్సీ జాక్ టాడ్, స్నేహితుడు విలియం మెక్‌లార్నీ కలిసి న్యూ ఆల్కెమీ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. ఎండ దూరే తొట్లలో తిలాపియా చేపలు పెంచి, ఆ నీళ్ళతో కూరగాయలు పండించారు. 1980ల్లో మార్క్ మెక్‌మర్ట్రీ నార్త్ కరొలైనా స్టేట్ విశ్వవిద్యాలయంలో చేపల నీళ్ళని ఇసక మళ్ళలోంచి వడగట్టి మళ్ళీ తొట్టిలోకి పంపాడు. వర్జిన్ దీవుల్లో జేమ్స్ రాకోసీ నీళ్ళ మీద తేలే పలకల్లో ఆకుకూరలు నాటి ఏళ్ళ తరబడి లెక్కలు రాశాడు. చేపల నీళ్ళు మొక్కకి దాదాపు అన్నీ ఇస్తాయి గాని, ఇనుము చాలదని, సున్నం, పొటాషియం కూడా అందించాలని ఆ లెక్కలే చెప్పాయి.

నీళ్ళ సంగతి ఇది. మరి గోడ ఎక్కడినుంచి వచ్చింది?

1938లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో తోటల రూపకల్పన చెప్పే స్టాన్లీ హార్ట్ వైట్ అనే ఆచార్యుడు, మొక్కల్ని నిలువునా మోసే కట్టడానికి పేటెంటు తీసుకున్నాడు. పిల్లల పుస్తకాలు రాసి పేరు తెచ్చుకున్న ఇ.బి. వైట్ ఈయన తమ్ముడే. అన్నగారు తన పెరట్లోనే నమూనాలు కట్టి చూశాడు. లోకం పట్టించుకోలేదు. తమ్ముడి కథలు ఇంటింటా చదివారు, అన్నగారి గోడ కాగితాల్లో వుండిపోయింది.

గోడకి మళ్ళీ ప్రాణం పోసినవాడు 1953లో పుట్టిన పాట్రిక్ బ్లాంక్ అనే ఫ్రెంచి వృక్ష శాస్త్రజ్ఞుడు. ఇతనికి చిన్నప్పుడు చేపల తొట్టి పిచ్చి. ఫిలోడెండ్రాన్ మొక్క వేళ్ళని నీళ్ళలోకి వేలాడదీస్తే తొట్టి నీళ్ళు శుభ్రపడతాయని విని, ఇంట్లో అదే చేసి చూశాడు. (ఫిలోడెండ్రాన్ ఎవరో కాదు, మన చేమకీ, మనీప్లాంటుకీ చుట్టమే!) అక్కణ్ణించి మొక్కలు మెల్లిగా గోడ ఎక్కాయి. 1972లో మలేషియా, థాయిలాండ్ అడవుల్లో, మట్టి లేకుండా బండల్ని పట్టుకుని బతికే మొక్కల్ని చూశాక అతనికి ధైర్యం వచ్చింది. ఇనప చట్రం, దానిమీద ప్లాస్టిక్ పలక, ఆ పలక మీద కంబళి లాంటి గుడ్డ, గుడ్డలోకి వేళ్ళు. 1988లో పేటెంటు వచ్చింది. 2006లో పారిస్‌లో సేన్ నది ఒడ్డున తెరిచిన కే బ్రాన్లీ మ్యూజియం గోడ మీద సుమారు 800 చదరపు మీటర్ల మేర అతని తోటే వుంది.

చూశారా, గోడ తోట పుట్టిల్లు చేపల తొట్టి! కానీ పెద్ద పెద్ద కట్టడాలెక్కేసరికి గోడ తన పుట్టింటిని మరిచిపోయింది. చేప పోయింది, దాని బదులు సీసాలో కలిపిన ఎరువు నీళ్ళు వచ్చాయి. అందం తగ్గిందని అనలేం. తగ్గింది ఇచ్చిపుచ్చుకోవడం. ఆ గోడ పుచ్చుకుంటుంది, నీళ్ళు శుభ్రం చేసి ఇవ్వడానికి దానికింద ఎవరూ లేరు.

ఇంటి గోడ ఆ బంధుత్వాన్ని మళ్ళీ కలుపుతోంది. అందుకే దాన్ని కట్టేవాళ్ళు పాత పాఠాలు కొన్ని గుర్తుంచుకోవాలి. రెండువందల లీటర్ల తొట్టి అంటే నీళ్ళే రెండువందల కిలోలు, పైన తడిసిన గోడ బరువు అదనం. బాల్కనీ అంత మొయ్యగలదో లేదో ముందు తెలిసినవాళ్ళ చేత చూపించుకోవాలి. కరెంటు పోతే పల్చటి గుడ్డ గంటల్లో ఎండుతుంది, గులకరాళ్ళు నింపిన జేబులు మరికాస్త ఓర్చుకుంటాయి. లేత ఆకులు పసుపెక్కితే ఇనుము కోసం అడుగుతున్నాయేమో చూడాలి.

అన్నిటికన్నా ముఖ్యం ఓపిక. ఆ మూడో మనిషి కుదురుకోవడానికి నెలా నెలన్నర పడుతుంది. పాలు కాచి తోడు వెయ్యకుండా పెరుగు కావాలంటే ఎలా? ఆరోగ్యంగా నడుస్తున్న పాత తొట్టిలోంచి గుప్పెడు గులకరాళ్ళు తెచ్చి కొత్తదాంట్లో వెయ్యడం సరిగ్గా తోడు పెట్టడమే. అది తోడుకునేదాకా రెండు మూడు చిన్న చేపలతో, చిటికెడు మేతతో సరిపెట్టుకోవాలి. మొదటిరోజే డజను చేపలు పోస్తే గోడ పచ్చబడేలోగా తొట్టి ఖాళీ అవుతుంది.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. ఈ గోడ ఊరికే కూర పెట్టదు. చేప మేత బజారునించి కొనాలి, మోటారుకి కరెంటు కావాలి. సంసారం మొత్తం దీనిమీద గడవదు. ఇది ఇచ్చేది కట్ట పుదీనా, కాస్త తోటకూర, వాటితోపాటు పెరడు పోయాక మన పిల్లలకి కనిపించకుండా పోయిన ఒక సంగతి. ఏ నీళ్ళూ మురికి నీళ్ళు కావు, అందుకునేవాళ్ళని పక్కన నిలబెడితే. మీరూ గోడ కట్టాలనుకుంటే మొక్కల జాబితా తర్వాత రాసుకోండి. ముందు చేపకి ఏం కావాలో కనుక్కోండి.